ముందు ఆ కాగితాలు సర్దుదాం, రా చెల్లీ

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే ఇంటికి వచ్చినవాళ్లంతా "తర్వాతేంటి?" అని అడుగుతారు. అదే పిల్లకి చూపు ఆనకపోయినా, పిల్లాడు చక్రాల కుర్చీలో తిరుగుతున్నా అడిగే తీరు మారిపోతుంది. "ఇంకా చదివించాలా అమ్మా? ఇంటిపట్టున ఉంచుకోరాదూ?" అంటారు గొంతు తగ్గించి. అనేది పరాయివాళ్లా? మన పిన్నులు, మేనత్తలే. మన కష్టం చూడలేక అంటారు. వాళ్ల మీద కోపం వద్దు గానీ, ఆ మాటకి తలూపి మాత్రం రాకు. డబ్బెక్కడిదన్న దిగులు, బిడ్డ ఏమైపోతాడోనన్న దిగులు రెండూ కలిపేసుకుని రాత్రంతా దొర్లుతుంటాం మనం. వేరు చేసి చూద్దామా?

డబ్బు సంగతి ముందు తేల్చుకుందాం. "సదరం సర్టిఫికెట్ ఉందిగా అక్కా" అంటావు. మంచిదే, దాంతోపాటు వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే యూడీఐడీ కార్డు కూడా చేతిలో ఉండాలి. కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్పులకి అడిగేది దాన్నే. వైకల్యం 40 శాతం, ఆపైన అని డాక్టర్లు రాయాలి. కాలో, కన్నో, చెవో అయితేనే లెక్క అనుకునేరు! 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. తలసేమియా, సికిల్ సెల్, హీమోఫిలియా, ఆటిజం, అక్షరాలు తారుమారయ్యే డిస్‌లెక్సియా అన్నీ అందులో ఉన్నాయి. నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లాణ్ని బడికి పంపుతూ కూడా ఇది మనకి వర్తిస్తుందని తెలియని తల్లులు ఎందరో. ఆంధ్రలో అయితే సచివాలయంలో, తెలంగాణలో అయితే మీసేవలో అడుగు, వైకల్య పరీక్షకి స్లాట్ ఎలా తీసుకోవాలో చెబుతారు.

ఆ కార్డు ఉంటే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దారి తెరుచుకుంటుంది. తొమ్మిది, పది తరగతులకి ప్రీ మెట్రిక్. ఇంటర్ నుంచి పీజీ దాకా పోస్ట్ మెట్రిక్. ఈ రెండింటికీ ఇంటి ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. ఐఐటీల్లాంటి పేరున్న సంస్థల్లో సీటొస్తే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది, దానికి ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు. పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ చదివేవాళ్లకి ఏఐసీటీఈ వాళ్ల సక్షమ్ స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50,000 రూపాయలు. అన్నిటికీ అర్హత ఉన్నా ఒకేసారి రెండు తీసుకోవడం కుదరదు కాబట్టి ఏది ఎక్కువ పనికొస్తుందో కూర్చుని లెక్క వేసుకోవాలి. ఉద్యోగం చేసే మీ ఆయనకి కూడా ఒక మాట చెప్పు. పాత పన్ను విధానంలో ఉంటే 80డీడీ కింద 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 ఆదాయంలోంచి తగ్గించి చూపొచ్చు. చాలామంది మగవాళ్లు దీన్ని వదిలేస్తుంటారు, ఎందుకో!

ఇంత ఉన్నా డబ్బు ఎందుకు రాదంటావా? నా లెక్కలో సగం దరఖాస్తులు పేరు దగ్గరే ఆగిపోతాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, వైకల్యం కార్డులో 'లక్ష్మి' ఇంగ్లిష్ అక్షరాల్లో ఇంకోలా ఉంటుంది. మనకి మూడిట్లోనూ ఉన్నది ఒకే పిల్ల. కంప్యూటర్‌కి మాత్రం ముగ్గురు వేరువేరు పిల్లలు. అందుకని ఈ ఆదివారం మూడూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడు. మెమోలో ఉన్నట్టే మిగతావి దిద్దించుకోవడం తేలిక. ఇంకోటి, బ్యాంకుకి వెళ్లి "ఆధార్ లింక్ అయిందా?" అని అడిగి వచ్చేయకు. "స్కాలర్‌షిప్ డబ్బు నేరుగా ఈ ఖాతాలోనే పడేలా సీడింగ్ అయిందా?" అని అడుగు. రెండూ ఒకటి కాదు. దరఖాస్తు పంపాక కాలేజీలో స్కాలర్‌షిప్పుల పని చూసే సార్ ఎవరో కనుక్కుని, ఆయన ఆన్‌లైన్‌లో ఓకే చేసేదాకా వదలకు. విసుక్కుంటారేమో అని మొహమాటపడితే ఏడాది పోతుంది. మళ్లీ ఏడాది రెన్యువల్ కూడా మనమే గుర్తుపెట్టుకోవాలి.

ఇక చదువు మాట. పిల్లకేం ఇష్టమో అడక్కుండా "దీనికి ఆర్ట్స్ చాల్లే" అని మనమే తేల్చేస్తాం, కదూ? మచిలీపట్నం దగ్గర సీతారామపురం నుంచి వచ్చిన బొల్లా శ్రీకాంత్‌కీ ఇదే ఎదురైంది. చూపు లేదు కాబట్టి ఇంటర్‌లో సైన్స్ ఇవ్వం అన్నారు. కోర్టుకెళ్లి సాధించుకుని, 98 శాతం తెచ్చుకుని, అమెరికాలో ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి హైదరాబాద్‌లో బొల్లాంట్ కంపెనీ పెట్టాడు. అతని కథతో 2024లో హిందీలో సినిమా కూడా తీశారు. అందరూ ఎంఐటీకి వెళ్లనక్కర్లేదు తల్లీ. కానీ సైన్స్ కావాలన్న పిల్లకి సైన్స్ అడిగే హక్కుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యా సంస్థల్లో 5 శాతం సీట్లు మన పిల్లలవి, వయసులో ఐదేళ్ల సడలింపు కూడా ఉంది. డాక్టర్ చదువు విషయంలో కూడా, శాతం ఎంతుందో చూసి తోసిపుచ్చకూడదని, ఆ పిల్లాడు చదవగలడా లేదా అన్నది పరీక్షించాలని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

వినికిడి లేని పిల్లలకి బాపట్లలో ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల ఉంది. మానసిక ఎదుగుదల తక్కువున్న బిడ్డయితే సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీకి ఒకసారి తీసుకెళ్లు, ఏం నేర్పొచ్చో దారి చూపిస్తారు. చిన్న పిల్లలకి మండలంలో భవిత కేంద్రం ఉంటుంది. ఆసుపత్రుల చుట్టూ తిరిగే పిల్లలకి ఓపెన్ స్కూలు మంచి దారి, ఎన్ఐఓఎస్‌లో ఐదేళ్లలో ఒక్కో సబ్జెక్టూ తీరిగ్గా రాసుకోవచ్చు. అయితే రోజూ బడికి వెళ్లగలిగిన పిల్లని, తీసుకెళ్లడం మనకి కష్టంగా ఉందని ఓపెన్‌లో వేయడం నాకు నచ్చదు. స్నేహితులెక్కడ దొరుకుతారు దానికి?

పరీక్షల గురించి బెంగ పెట్టుకోకు. గంటకి 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, రాసిపెట్టడానికి స్క్రైబ్‌నీ ఇస్తారు. పదో తరగతి పరీక్షకి మన దగ్గర తొమ్మిది చదివే పిల్లలు వచ్చి రాస్తారు. ఇబ్బంది ఎక్కడంటే, చెప్పి రాయించడం కూడా ఒక విద్యే. "ఎక్స్ ప్లస్ టూ బై త్రీ" అని పిల్ల గబగబా అంటే, రాసేవాడు గీత ఎంతవరకూ గీయాలి? ఎక్స్ కిందకి కూడానా, రెండు కిందకేనా? మార్కు పోయేది అక్కడే. పరీక్షకి రెండు మూడు నెలల ముందు నుంచీ పక్కింటి పిల్లాణ్ని కూర్చోబెట్టి రోజూ రెండు లెక్కలు రాయించు. "బ్రాకెట్ మొదలు, బ్రాకెట్ అయింది" అనడం అలవాటవుతుంది. చూపు లేనివాళ్లకి కంప్యూటర్ తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితం, సుగమ్య పుస్తకాలయలో వినే పుస్తకాలు దొరుకుతాయి. వేసవి సెలవుల్లోనే నేర్పించెయ్.

కాలేజీలో చేర్చేముందు మాత్రం ఒకసారి నువ్వే స్వయంగా వెళ్లు. ర్యాంపు ఉందని బ్రోషర్‌లో బొమ్మ వేస్తారు, దాని మీద నడిచి చూడు. క్లాసు రెండో అంతస్తులో ఉంటే కింద గదికి మారుస్తారా అని ప్రిన్సిపాల్‌నే అడుగు, వీలైతే కాగితం మీద రాయించుకో. బాత్రూమ్ తలుపు కుర్చీ పట్టేంత వెడల్పు ఉందో లేదో టేపు పెట్టి కొలువు. అక్కడ ఇబ్బంది ఉంటే ఆడపిల్లలు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు, మనకి చెప్పరు కూడా. ఆ తలుపు చూడకుండా మాత్రం ఫీజు కట్టకు, సరేనా?