కలము తాకని వెలుగు

చదువవలసిన భాగము: లూకా 15:11-24

రంగులతో చిత్రించువాడు వెలుగు కావలసినచోట తెల్లని రంగు పూయగలడు. కలముతోను సిరాతోను గీయువానికి వెలుగు ముఖ్యముగా కాగితమునుండియే రావలెను. అది గీయబడినది కాదు, గీయక విడువబడినది.

హాలెండు దేశపు చిత్రకారుడైన రెంబ్రాంటు (1606-1669) ఈ సంగతిని బాగుగ ఎరిగినవాడు. ఆ కాలమున అక్కడి సంస్కరింపబడిన సంఘముల ఆరాధన మందిరములలో చిత్రపటములకు చోటు లేదు. అయినను అతడు బైబిలు సంగతులను విస్తారముగా గీసెను.

ఆనాడు పక్షి ఈకలను, రెల్లును చెక్కి కలములు చేసెడివారు. మాచికాయల కషాయములో అన్నభేదిని, తుమ్మజిగురును కలిపి ఒక విధమైన సిరాను తయారుచేసెడివారు. అది గీసినప్పుడు లేతగానుండి, గాలి తగిలినకొలది నల్లబడును. కాగితములోనికి ఇంకును గనుక చెరుపుట కష్టము. కావున ఎక్కడ గీయవలెనో ఎరిగియుండుట ఎంత అవసరమో, ఎక్కడ ఆగవలెనో ఎరిగియుండుటయు అంతే అవసరము.

తప్పిపోయిన కుమారుని కథను రెంబ్రాంటు విడువలేదు. 1636లో దానిని రాగిరేకుపై గీసి అచ్చొత్తెను. జీవితాంత కాలమున పెద్ద వర్ణచిత్రముగా చిత్రించెను. ఈ రెంటి నడుమ, సుమారు 1642లో, కలముతో గీసిన చిత్రమొకటి హార్లెం నగరములోని టేలర్స్ మ్యూజియమున నున్నది. మోకరించిన కుమారుడు, అతనిమీదికి వంగి కౌగిలించుకొనుచున్న తండ్రి. ఆ కౌగిలిని చూపుటకు అనేక గీతలు అక్కరలేకపోయెను.

కుమారుడు దూరదేశమున సిద్ధపరచుకొనిన మాటలు 18, 19 వచనములలో నున్నవి. వాటిని 21వ వచనముతో పోల్చిచూచినయెడల చివరి మనవి కనబడదు. తన్ను కూలివానిగా పెట్టుకొనుమని అతడు అడుగకమునుపే తండ్రి దాసులను పిలిచి, ప్రశస్త వస్త్రము తెమ్మనెను. పాపపు ఒప్పుకోలును తండ్రి ఆపలేదు. కూలి బేరమునకు మాత్రము చోటియ్యలేదు.

క్షమాపణ పొందిన విశ్వాసి తరచుగా ఆ చివరి గీతను తానే గీయగోరును. ఇంకను కొంత దుఃఖపడి, ఇంకను కొంత సేవచేసి, తండ్రి ప్రేమకు తగినవాడనిపించుకొనవలెనని తలంచును. అట్టి గీతలు చిత్రమును పూర్తిచేయవు, దానిలోని వెలుగును కప్పును. సేవ మంచిదే; అయితే అది కౌగిలికి వెల కాదు, కౌగిలిలోనుండి పుట్టు కృతజ్ఞత.

ఆలోచించుటకు:
1. తండ్రి కుమారుని మాటను ఏ స్థలమున ఆపెను? ఎందుకు?
2. దేవుడు క్షమించినదానికి విశ్వాసి ఇంకను వెల చెల్లింపజూచు సంగతులెవ్వి?