పింఛను తనిఖీకి డాక్టర్లు వచ్చిన రోజు



మన ఫిజియోథెరపీ గది బయట బల్ల మీద కూర్చునే వారిలో చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "సిస్టరమ్మా, అమ్మకు పింఛను తనిఖీ అంటున్నారు, ఏం చెప్పమంటారు?" ఉన్నది ఉన్నట్టు చెప్పండి అంటాను. అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి కూడా కొంత సిద్ధపడాలి. ఆ సంగతే ఈ పాఠంలో తెలుసుకుందాము.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000, డయాలసిస్ చేయించుకునే వారికి 10,000, పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి 15,000 చేశారు. అర్హత లేనివారు కూడా తీసుకుంటున్నారన్న ఫిర్యాదుల మీద 2025 జనవరిలో డాక్టర్ల బృందాలతో తనిఖీ మొదలుపెట్టారు. మంచాన ఉన్నవారిని ఇళ్ళకే వెళ్ళి చూశారు. ఆగస్టులో కొందరికి నోటీసులు వచ్చాయి. దొంగ సర్టిఫికెట్లు పెట్టినవారి సంగతి అలా ఉంచండి. నిజంగా మంచంలో ఉన్న మనిషికి ఆ డబ్బు అంటే డైపర్లు, మందులు, ఆటో ఖర్చు. అది ఆగితే ఆ ఇంట్లో ఏది మానేస్తారో మాకు తెలుసు.

మన వార్డులో ఉండి వెళ్ళిన ఒక అమ్మగారి సంగతి చెబుతాను. కుడి పక్క పడిపోయింది. డాక్టర్లు వస్తున్నారని తెలిసి కోడలు ఆమెకు తలంటి పోసి, మంచి చీర కట్టి, నాలుగు దిండ్లు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టింది. "ఎలా ఉన్నారమ్మా?" అని అడిగితే పెద్దావిడ, "నాకేం బాబూ, బాగానే ఉన్నాను, మీరు కాఫీ తాగండి" అన్నది. పక్కింటివాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. అత్తగారు పక్క తడుపుతుందని కోడలు వాళ్ళ ముందు ఎలా చెబుతుంది? పది నిమిషాలలో తనిఖీ అయిపోయింది. తరువాత నోటీసు వచ్చింది.

ఇందులో అబద్ధం ఆడినవారు ఎవరూ లేరు. మన పెద్దవాళ్ళకు పరువు ముఖ్యం. వచ్చినవారు చూసేది ఆ పది నిమిషాలే, మిగతా రోజంతా చూసేది మీరు. కనుక ఆ సంగతి మీరే చెప్పాలి.

రోగి ఎంతవరకు ఇతరుల మీద ఆధారపడుతున్నారో చూడడానికి మేము బార్తెల్ సూచిక అనే పద్ధతి వాడుతాము. ఇది 1965 నాటిది. ఇందులో పది పనులు ఉంటాయి. అన్నం తినడం, స్నానం, పళ్ళు తోముకుని తల దువ్వుకోవడం, బట్టలు కట్టుకోవడం, మలం ఆపుకోగలగడం, మూత్రం ఆపుకోగలగడం, దొడ్డికి వెళ్ళి శుభ్రం చేసుకోవడం, మంచం నుండి కుర్చీలోకి మారడం, నడవడం, మెట్లు ఎక్కడం. అన్నీ సొంతంగా చేసుకుంటే నూరు మార్కులు. వచ్చే బృందం ఇదే కాగితం పట్టుకుని రాకపోవచ్చు. అయినా ఇంట్లో రాసుకోవడానికి ఇంతకన్నా సులువైనది నాకు తెలియదు.

పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకోండి. ఏడు రోజులు, ఈ పది పనుల్లో ఏది తానే చేసుకున్నారో, దేనికి ఒకరు పట్టుకోవలసి వచ్చిందో, దేనికి ఇద్దరు కావలసి వచ్చారో రాయండి. "అస్సలు నడవలేదు" అని రాయకండి. "గోడ పట్టుకుని నాలుగు అడుగులు వేసింది, తరువాత కూలబడింది" అని రాయండి. మంచి రోజును మంచి రోజుగానే రాయండి. అప్పుడే చెడ్డ రోజును నమ్ముతారు.

జ్ఞాపకశక్తి తగ్గిన పెద్దలైతే ఇంకా జాగ్రత్త. "వంట మీరే చేసుకుంటారా?" అంటే అవునంటారు. వారికి అది అబద్ధం కాదు, పదేళ్ళ క్రితం సంగతి ఇప్పటిదే అనుకుంటారు. వారి ముందు ఖండించి చిన్నబుచ్చకండి. డాక్టరుగారిని వరండాలోకి పిలిచి, నోటుబుక్కు చూపించి నెమ్మదిగా చెప్పండి.

ఇక ఒక మాట గట్టిగానే చెబుతాను. జబ్బుగా కనిపించాలని ఆ రోజు మందులు మానిపించినవారు ఉన్నారు. బి.పి. మాత్రలు ఆపితే రెండవసారి పక్షవాతం రావచ్చు. ఫిట్స్ మాత్రలు ఆపితే ఫిట్స్ వస్తాయి. స్నానం చేయించకుండా, పక్క మార్చకుండా ఉంచడం కూడా అంతే, పడక పుండ్లు పడతాయి. ఆసుపత్రికి తీసుకువెళ్ళవలసి వస్తే మందులు, మంచినీళ్ళు, ఒక జత బట్టలు వెంట ఉంచుకోండి. మరొకటి, శాతం ఎక్కువ వేయమని డాక్టర్లను అడగవద్దు. ఆ కాగితం మరోచోట నిలబడదు.

కాగితాల విషయం. ఆధార్, రేషన్ కార్డు, సదరం సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ, స్కాను రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ ఒకే సంచిలో పెట్టండి. జిరాక్సులు ఇచ్చి అసలువి మీ దగ్గరే ఉంచుకోండి. ఫిల్ములు చూరులో దోపకండి, ఎండకు అతుక్కుపోతాయి. సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం ఉన్నదా, తాత్కాలికమా శాశ్వతమా అన్నది ఈరోజే చూడండి. పక్షవాతం తరువాత మొదటి ఆరు నెలల్లో చాలావరకు మార్పు వస్తుంది కనుక తొలిరోజుల్లో తాత్కాలికంగా ఇవ్వడం ఉంటుంది. దానికి గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీని కాలెండరులో రాసి పెట్టుకోండి.

డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దల కోసం కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 29న వయ వందన కార్డు ప్రారంభించింది. ఆదాయంతో పని లేకుండా సంవత్సరానికి కుటుంబానికి 5 లక్షల వరకు వైద్యం. దానికి వయస్సును ఆధార్‌లో ఉన్న ప్రకారమే చూస్తారు. మన పెద్దలలో చాలామందికి ఆధార్ తీసుకున్ననాడు ఎవరో అంచనాగా పుట్టిన సంవత్సరం వేశారు. తప్పుంటే రుజువుతో సరిచేయించండి, కాని ఆ అవకాశం ఒక్కసారే. పొలం పనులతో వేలిముద్రలు అరిగిపోయినవారికి కంటిపాప ద్వారా గాని, ముఖం ద్వారా గాని చేయమని అడగండి.

నోటీసు వస్తే భయపడి బీరువాలో దాచకండి. అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లోపల అన్నది చదివించుకుని, అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పైన చెప్పిన కోడలు అలాగే అర్జీ పెట్టింది. రెండవసారి పరీక్షకు వెళ్ళేటప్పుడు అత్తగారిని దిండ్లు లేకుండా, రోజూ పడుకునే నైటీలోనే ఆటోలో తీసుకువెళ్ళింది. నోటుబుక్కు కూడా పట్టుకెళ్ళింది.

పాత డిశ్చార్జి సమ్మరీ పోయినవారు ఓ.పి. నంబరుతో మన రికార్డు సెక్షన్‌లో అడగండి. నంబరు గుర్తులేకపోతే చేరిన సంవత్సరం, నెల చెప్పినా వెదుకుతారు, కొంచెం ఆలస్యమవుతుంది.