మీ ప్రాజెక్టుకు ఏ ఎంబెడెడ్ డేటాబేస్ సెట్ అవుతుంది? ఈ 4 చూసుకోండి!

రాస్‌బెర్రీ పైతో వెదర్ స్టేషన్ చేస్తున్నారా? సొంతంగా ఆండ్రాయిడ్ యాప్ రాస్తున్నారా? డేటా దాచడానికి వేరే సర్వర్ అక్కర్లేదు. యాప్‌లోనే లైబ్రరీలా కలిసిపోయే ఎంబెడెడ్ డేటాబేస్ చాలు. అయితే చాలామంది ముందు స్పీడ్ చూస్తారు. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకోటి ఉంది: రాస్తుండగా కరెంటు పోతే డేటా ఏమవుతుంది?

1. బోర్డు మెమరీ ఎంత?
ఆర్డునో ఊనో ఆర్3లో ర్యామ్ 2 కేబీ మాత్రమే. అక్కడ డేటాబేస్ మాట మర్చిపోండి. ఎస్‌డీ కార్డు మాడ్యూల్ పెట్టి, రీడింగులను వరుసగా ఒక ఫైల్‌లో రాసుకుంటే సరిపోతుంది. లైనక్స్ బోర్డు లేదా ఫోన్ అయితే కింద చెప్పినవి చూడండి.

2. డేటాను ఎలా వెతుకుతారు?
'గత నెలలో 40 డిగ్రీలు దాటిన రోజులెన్ని?' లాంటి ప్రశ్నలుంటే ఎస్‌క్యూలైట్ బెస్ట్. రిచర్డ్ హిప్ 2000లో తెచ్చిన ఇది పబ్లిక్ డొమైన్‌లో ఉంది, కాబట్టి లైసెన్స్ గొడవ లేదు. ఒక కీ ఇచ్చి దాని విలువ తెచ్చుకోవడమే పని అయితే, చదవడం ఎక్కువ ఉన్నచోట ఎల్‌ఎండీబీ, రాయడం ఎక్కువ ఉన్నచోట రాక్స్‌డీబీ చూడొచ్చు. లక్షల వరుసల మీద సగటులు, మొత్తాలు తీయాలంటే డక్‌డీబీ.

3. ఒకేసారి ఎంతమంది రాస్తారు?
ఎస్‌క్యూలైట్‌లో చదివేవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు కానీ, ఒక సమయంలో రాసేది ఒక్కరే. చాలామంది ఒకేసారి రాయాలంటే సర్వర్ డేటాబేస్‌కే వెళ్లండి.

4. కరెంటు పోతే?
ఎస్‌క్యూలైట్‌లో మార్పులను ముందు వేరే ఫైల్‌లో రాసుకునే వాల్ మోడ్ ఉంది. ఇందులో 'సింక్రనస్' సెట్టింగ్ నార్మల్‌లో ఉంటే డేటాబేస్ పాడవదు గానీ, చివర్లో రాసినవి కొన్ని పోవచ్చు. ఫుల్‌లో పెడితే కమిట్ అయినవి నిలుస్తాయి, స్పీడ్ కాస్త తగ్గుతుంది. ఉష్ణోగ్రత రీడింగులకు నార్మల్ చాలు. షాపు బిల్లులకైతే ఫుల్ పెట్టాల్సిందే.

ఇంకో జాగ్రత్త: యాప్ నడుస్తుండగా మెయిన్ ఫైల్ ఒక్కటే కాపీ చేస్తే, వాల్ ఫైల్‌లోని తాజా డేటా మిస్ అవుతుంది. బ్యాకప్ కమాండే వాడండి.

సెట్టింగ్ ఎంత పక్కాగా ఉన్నా, కొన్ని చవక ఎస్‌డీ కార్డులు డేటా పూర్తిగా రాయకముందే 'రాసేశా' అని చెప్పేస్తాయి. అందుకే అసలు డేటా ఎక్కించే ముందే, రాస్తుండగా పదిసార్లు ప్లగ్ పీకి చూడండి. ప్రతిసారీ ఇంటెగ్రిటీ చెక్ నడిపి, వరుసలు లెక్కపెట్టండి. ఈ టెస్ట్ పాసైన కాంబినేషనే మీ ప్రాజెక్టుకు కరెక్ట్.