రాత్రి ఎన్ని తలగడలు వేసుకుంటున్నారు?

సర్జికల్ వార్డులో కుట్లు విప్పి ఇంటికి పంపిస్తే ఆ రోగి కథ చాలామటుకు అక్కడితో ముగుస్తుంది. మెడికల్ వార్డులో అలా ఉండదు. షుగరు, బీపీ, గుండె పంపింగ్ తగ్గడం, పక్షవాతం, ఆయాసం, కిడ్నీ జబ్బు ఇవన్నీ మనిషితో పాటే వస్తాయి, మనిషితో పాటే ఇంటికి పోతాయి. మన దగ్గర ఉండే నాలుగైదు రోజుల్లో ప్రాణం మీదికి రాకుండా కనిపెట్టుకోవాలి, ఆ కనిపెట్టుకోవడం ఇంటివాళ్లకు నేర్పి పంపాలి. నేను ప్రభుత్వాసుపత్రుల మెడికల్ వార్డుల్లో స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. కొత్తగా డ్యూటీలో చేరే పిల్లలు పుస్తకం బాగానే చదివి వస్తున్నారు. ఆ చదువు మంచం దగ్గర ఎలా వాడుకోవాలో చెబుదామనే ఇది రాస్తున్నాను.

1. ఊపిరిని నిండు నిమిషం లెక్కపెట్టండి.

చార్టులో పైనుంచి కింద దాకా అందరికీ 20 అని ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదని అర్థం. జ్వరం థర్మామీటరు చెబుతుంది, బీపీ మిషను చెబుతుంది, ఊపిరి మాత్రం మనం నిలబడి చూడాల్సిందే. అందుకే పని ఒత్తిడిలో మొదట వదిలేసేది అదే. పెద్దవాళ్లకి నిమిషానికి 12 నుంచి 20 దాకా మామూలు. 25 దాటితే బీపీ బాగానే ఉన్నా సరే, డ్యూటీ డాక్టరుకి చెప్పండి. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతున్నా, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నా, షుగరు రోగి రక్తంలో ఆమ్లం పెరుగుతున్నా ఊపిరి ముందే పెరుగుతుంది. బీపీ పడిపోవడం ఆ తర్వాతెప్పుడో.

లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి ఊపిరి తీరు మారిపోతుంది. నాడి చూసిన చెయ్యి అలాగే పట్టుకుని చూపు ఛాతీ మీదికి తిప్పండి. ఆ తర్వాత "ఏ ఊరండీ మీది? తోడు ఎవరొచ్చారు?" అని అడగండి. ఒక్క ఊపిరిలో జవాబు చెప్పగలుగుతున్నారా, రెండు మాటలకోసారి ఆగుతున్నారా, మెడ కండరాలు బిగుస్తున్నాయా చూడండి. నిన్న వాక్యం పూర్తిచేసిన మనిషి ఇవాళ చెయ్యలేకపోతే కేస్ షీట్‌లో టైముతో సహా రాయాల్సిన సంగతి అది.

2. ఇన్సులిన్ సీసా మీద అంకె, సిరంజి మూత రంగు రెండూ కలవాలి.

మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లవి. వాటి సిరంజికి ఎర్ర మూత. పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జిలు 100 యూనిట్లవి, ఆ బలానికి తగ్గ సిరంజికి నారింజ మూత. నారింజ మూత సిరంజితో 40 సీసాలోంచి 20 గీత దాకా తీశారనుకోండి, లోపలికి వెళ్లేది 8 యూనిట్లే. అదే 100 యూనిట్ల మందుని ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పోతాయి. ప్రాణం తీసే తేడా ఇది. వార్డులో మనం జాగ్రత్తగానే ఉంటాం. ఇంటి దగ్గర మెడికల్ షాపు అబ్బాయి ఏది ఉంటే అది ఇస్తాడు. అందుకని పంపేటప్పుడు ఖాళీ సిరంజి ఒకటి ఇచ్చి, "షాపులో ఇది చూపించి ఇలాంటిదే అడగండి" అని చెప్పాలి.

ఇంకోటి. భోజనానికి ముందు వేసే ఇన్సులిన్‌కి గోడ గడియారం కాదు, అన్నం లెక్క. క్యారియరు ఇంకా ఊరినుంచి బస్సులో వస్తూ ఉంటే సూది వెయ్యకండి. అన్నం చేతికందుతుందని తేలాకే వెయ్యాలి. శనివారం ఉపవాసమా, ఏకాదశా, రంజాన్ రోజానా అని ముందే అడగండి. అడక్కపోతే చాలామంది చెప్పరు.

షుగరు పడిపోతే చల్లటి చెమట, వణుకు, చికాకు, పొంతన లేని మాటలు వస్తాయి. ముసలివాళ్లకి ఇవేవీ లేకుండా మత్తుగా పడుకున్నట్టే ఉండొచ్చు. రాత్రి రౌండులో నుదురూ మెడా తాకి చూడండి. జాకెట్టో బనీనో తడిసి ఉంటే వెంటనే గ్లూకోమీటరు పట్టండి. 70 కంటే తక్కువ ఉండి, తెలివి ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, డెక్స్‌ట్రోస్ నరంలోకే. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లు గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకుని ఉంటే మాత్రం ఒకసారి లేచి కూర్చున్నారని నిశ్చింతగా ఉండకండి. ఆ మందు ఒంట్లోంచి పోక గంటల తర్వాత మళ్లీ పడిపోతుంది. ఒక రోజంతా కనిపెట్టుకోవాలి.

3. పక్షవాతం రోగికి ప్రేమతో పోసే గుక్కెడు కాఫీ ఆపండి.

మూతి వంకరపోయిన మనిషిని చూడగానే ఇంటివాళ్లు చేసే మొదటి పని నోట్లో నీళ్లు పొయ్యడం. మింగే శక్తి పోయి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెస్తాయి. నిటారుగా కూర్చోబెట్టి, ఒక చెంచా నీళ్లిచ్చి, దగ్గు వస్తోందా, గొంతు తడిగా గరగరమంటోందా చూసి డాక్టరుకి చెప్పేదాకా ఏదీ పెట్టనివ్వకండి. కోప్పడకుండా చెప్పండి, పాపం వాళ్లు భయంతో ఉంటారు.

రాగానే షుగరు చూడండి. షుగరు పడిపోయినా ఒక పక్క పడిపోయినట్టే కనిపించవచ్చు. "ఎప్పుడు వచ్చింది?" అని అడిగితే చూసిన టైమే చెబుతారు. "చివరిసారి మామూలుగా మాట్లాడింది ఎప్పుడు?" అని అడగాలి. గడ్డ కరిగించే సూదికి నాలుగున్నర గంటల గడువు లెక్కపెట్టేది అక్కడినుంచి. పసరు వైద్యం కోసం వేరే ఊరు తిప్పి, ఆ గడువు దాటాక తీసుకొచ్చిన వాళ్లని చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోయేది. డిశ్చార్జి అయ్యే ప్రతి బీపీ రోగి ఇంటివాళ్లకీ ఈ మాట చెప్పి పంపండి: మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దయినా నేరుగా 108కే.

పడిపోయిన చెయ్యి పట్టి లేపొద్దు, భుజం జారుతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి. నడుము కింద ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా టైముంది. తెల్లబడకపోతే పుండు అప్పుడే మొదలైంది. మడమలు అందరూ మర్చిపోతారు. పిక్కల కింద తలగడ పెట్టి మడమలు గాల్లో ఉండేట్టు చూడండి.

4. గుండె రోగిని తలగడల సంగతి అడగండి.

"ఆయాసం ఉందా?" అంటే మగవాళ్లలో సగం మంది లేదనే అంటారు. "రాత్రి ఎన్ని తలగడలు వేసుకుంటున్నారు?" అని అడిగితే నిజం బయటికొస్తుంది. మొన్న ఒకటి, నిన్న రెండు, ఇవాళ గోడకి ఆనుకుని కూర్చునే నిద్ర. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని ఎక్స్‌రే కంటే ముందు తలగడలే చెబుతాయి.

రోజూ పొద్దున్నే, ఒంటికి రెంటికి వెళ్లొచ్చాక, టిఫినుకు ముందు, అదే కాటా మీద బరువు చూడాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరే. ఇంటికి వెళ్లాక కూడా గోడ మీది క్యాలెండరులో తేదీ పక్కన బరువు రాసుకోమనండి, ఆ గళ్లు అందుకు బాగా పనికొస్తాయి. ఒంట్లో నీరు తీసే మాత్ర పొద్దున్నే ఇవ్వాలి. పొద్దుపోయాక ఇస్తే రాత్రంతా బాత్రూంకి లేస్తూ, కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంటారు.

ఉప్పు తగ్గించమంటే కూరలో తగ్గిస్తారు, పక్కన ఆవకాయ ఉంటుంది, అప్పడం ఉంటుంది. రోజుకి మొత్తం కలిపి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఆరోగ్యవంతులకి కూడా. పచ్చడి పేరు చెప్పి మరీ వద్దనండి.

5. ఆక్సిజన్ ఎక్కువైతే మంచిదనుకోవద్దు.

ఏళ్ల తరబడి చుట్ట, బీడీ తాగి, లేదా కట్టెల పొయ్యి పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడైన వాళ్లకి రక్తంలో ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం దగ్గర ఉంచమంటారు. పక్కన ఉన్న కొడుకు "తక్కువ చూపిస్తోంది సిస్టర్" అని తనే చక్రం తిప్పేస్తాడు. కాసేపటికి తండ్రి హాయిగా నిద్రపోతున్నాడనుకుంటాడు. అది బొగ్గుపులుసు వాయువు పేరుకుపోయి వచ్చే మత్తు కావచ్చు. ఎందుకు అంతే పెట్టామో ముందే చెప్పండి. కట్టెల పొయ్యి దగ్గర బతుకంతా గడిపి, ఒక్క బీడీ ముట్టని ఆడవాళ్లకి కూడా ఈ జబ్బు వస్తుంది. పొగ తాగరు కదా అని వాళ్ల ఆయాసాన్ని నీరసంలో కలిపెయ్యకండి.

ఇన్‌హేలరు ఎలా వాడుతున్నారని అడగొద్దు, వాడి చూపించమనండి. మందు నాలుక మీదే పడిపోతుండటం మీకే కనిపిస్తుంది. స్టెరాయిడ్ ఉన్నదైతే పీల్చాక నోరు పుక్కిలించాలి.

6. ఫిస్టులా ఉన్న చెయ్యి డయాలసిస్‌కి తప్ప ఇంక దేనికీ ఇవ్వకూడదు.

ఆ చేతికి బీపీ పట్టీ వద్దు, సూది వద్దు, రక్తం తియ్యడం వద్దు. వేళ్లతో తాకితే సన్నటి కంపనం తెలియాలి. తెలియకపోతే వెంటనే చెప్పాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు పనిచేసిన వాళ్లకి ఉద్దానం గురించి చెప్పక్కర్లేదు. అక్కడి కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో షుగరు, బీపీ లేకుండానే కొబ్బరి, జీడితోటల్లో పనిచేసే వాళ్ల కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చింది. ఏ ఊరి కిడ్నీ రోగినైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఒళ్లునొప్పులకి ఆర్ఎంపీ దగ్గర సూదులు వేయించుకుంటున్నారా? ఉన్న కాస్త కిడ్నీనీ ఆ సూదులు తినేస్తాయి.

7. డెంగీలో జ్వరం తగ్గిన రోజే గట్టిగా చూడండి.

మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం దిగుతుంది, ఇంటివాళ్లు డిశ్చార్జి అడుగుతారు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడ్డ చేతులు, మగత, పై బీపీకీ కింది బీపీకీ తేడా 20కి తగ్గడం, వీటికోసం వెతకాల్సిన టైము అదే. అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటాయి. మీరు మూత్రం ఎంత వచ్చిందో చూడండి.

8. షుగరు రోగి పాదాలు రోజూ రాత్రి ఎవరో ఒకరు చూడాలి.

స్పర్శ పోయిన కాలికి మేకు గుచ్చుకున్నా తెలియదు. వేణ్నీళ్ల కాపడం పెట్టి బొబ్బలెక్కించుకున్న వాళ్లని ఎందరినో చూశాను. అయ్యప్ప మాల వేసి 41 రోజులు చెప్పుల్లేకుండా నడిచేవాళ్లూ, మండే ఎండలో గుడి చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లూ మనకి ఎక్కువ. భక్తిని వద్దనడం మన పని కాదు. మాల వేసే ముందు డాక్టరుకి పాదాలు చూపించుకోమనండి, గురుస్వామితో మాట్లాడి చెప్పులకి ఒప్పించుకోమనండి, రోజూ రాత్రి భార్యనో కూతుర్నో వేళ్ల సందులు కూడా చూడమనండి.

9. డిశ్చార్జి మాటలు వంట చేసే మనిషితో మాట్లాడండి.

కాగితం చేతికొచ్చిన రోజు ఎవరికీ ఏదీ ఎక్కదు. ఆటో బయట నిలబడి ఉంటుంది. అందుకే చేరిన రెండో రోజు నుంచే రోజుకి ఒక్క సంగతి చెప్పండి. చెప్పాక "అర్థమైందా?" అనొద్దు, అందరూ తలూపుతారు. "ఇంటికెళ్లాక ఏం చేస్తారో నాకు చెప్పండమ్మా" అనండి. చదువు రానివాళ్లకి మాత్రల కవరు మీద సూర్యుడు, చంద్రుడు గీసివ్వండి. మాత్రల షీటు కత్తిరించేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క వాళ్ల దగ్గరే ఉండాలి.

చివరగా, మంచం కింద చాప పరుచుకుని పడుకునే ఆ మనిషిని చూడండి. ఎక్కువగా భార్యో, కూతురో, కోడలో. రోగికి మందులన్నీ టైముకి వేసే ఆవిడ తన బీపీ మాత్రలు ఊళ్లో మర్చిపోయి వచ్చి ఉంటుంది. "నువ్వు తిన్నావా అమ్మా? నీ మాత్రలు ఏవి?" అని అడగండి. సాయంత్రం బీపీలు చూసేటప్పుడు ఆవిడకీ ఒకసారి పట్టీ కట్టండి. ఎక్కువ ఉంటే పొద్దున్నే ఓపీ చీటీ రాయించి, ఆవిడ తిరిగొచ్చేదాకా రోగి దగ్గర ఎవరుంటారో మీరే ఏర్పాటు చెయ్యండి.