పాఠం 14 : ఉస్తాద్ విజిల్ – మాజీ సైనికుల ముచ్చట్లు

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు :
• సైనికుల ప్రాథమిక శిక్షణ ఎలా ఉంటుందో వివరించగలుగుతారు.
• జ్ఞాపకాలు చెప్పేవారు వేటిని నవ్వుతూ చెబుతారో, వేటిని దాటవేస్తారో గుర్తించగలుగుతారు.
• సంభాషణలోని వాక్యాలను పరోక్ష కథనంలోకి మార్చగలుగుతారు.
• మీ ఊరి పెద్దలలో ఒకరి అనుభవాన్ని అడిగి తెలుసుకొని రాయగలుగుతారు.

పరిచయం

మీ ఊళ్లో మిలిటరీలో పనిచేసి వచ్చినవారు ఎవరైనా ఉన్నారా? పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరు ఉంది. ఆ ఊరినుంచి తరతరాలుగా ఎంతోమంది సైన్యంలో చేరారు. అందుకే దానిని ‘మిలిటరీ మాధవరం’ అని పిలుస్తారు. అంతమంది లేకపోయినా, పింఛను పుచ్చుకొనే మాజీ సైనికులు ఒకరిద్దరు చాలా ఊళ్లలో కనిపిస్తారు. ఇద్దరు మాజీ సైనికులు ఒకచోట కూర్చుంటే మాట యుద్ధాల మీదికి వెళ్లేకంటే ముందు శిక్షణ రోజుల మీదికే వెళ్తుంది. ఎందుకని? ఈ పాఠంలో తెలుసుకుందాం.

1953 జనవరి 14న జనరల్ కరియప్ప సైన్యం నుంచి పదవీ విరమణ చేశారు. ఆయన మన సైన్యానికి మొదటి భారతీయ ప్రధాన సేనాధిపతి. ఆ రోజును ఇప్పుడు మాజీ సైనికుల దినోత్సవంగా జరుపుతున్నారు. అది మనకు సంక్రాంతి రోజులలో వస్తుంది. అలాంటి ఒక భోగి పండుగనాడు గోదావరి జిల్లాలోని ఒక పల్లెలో ముగ్గురు మాజీ సైనికులు మాట్లాడుకొంటున్నారు. ఈ సంభాషణను పాఠం కోసం కల్పించాం. ఇందులో వచ్చే శిక్షణ పద్ధతులు మాత్రం నిజంగా ఉన్నవే.

14.1 మూలపాఠం

(భోగిమంట ఆరిపోయింది. నిప్పుల చుట్టూ ముగ్గురు కూర్చున్నారు. సుబేదారుగారు అందరికంటె పెద్దవారు. హవల్దారు ఆయనకు వరసకు బావమరిది. నాయక్ వారిద్దరికంటె చిన్నవాడు. నాయక్ కూతురు టీ తెచ్చి ఇచ్చి, గుమ్మం దగ్గర నిలబడింది.)

సుబేదారు : ఇదీ ఒక చలేనా! 1971లో నేను నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్‌లో దిగాను. మద్రాసు రెజిమెంటు సెంటరు అక్కడే. ఒంటిమీద ఒక నూలు చొక్కా, చేతిలో రేకుపెట్టె. మేట్టుపాళయంలో కొండరైలు ఎక్కేసరికే పళ్లు కొట్టుకొంటున్నాయి. మర్నాడు తెల్లవారుజామున ఇంకా చీకటిగా ఉంది. విజిల్! “ఫాలిన్!” అని కేక. నాకు ఆ మాటకు అర్థం తెలియదు. అందరూ పరుగెత్తుతున్నారని నేనూ పరుగెత్తాను. ఒక కాలికి బూటు ఉంది, రెండో కాలికి లేదు.

హవల్దారు : మాకు గోల్కొండలో చలి బాధ లేదు బావగారూ, ఎండ బాధ. ఫిరంగి దళం శిక్షణ అక్కడే కదా. 1980లో చేరాను. నాకు వచ్చిన చిక్కల్లా హిందీతోనే. ఉస్తాద్ “దాహినే ముడ్” అంటాడు. నేను ఎడమకు తిరుగుతాను. అందరూ అటు, నేనొక్కడినీ ఇటు! చివరికి పక్కమంచం కుర్రాడు ఉపాయం చెప్పాడు. “దాహినే అంటే అన్నం తినే చెయ్యిరా” అన్నాడు. ఆ తరువాత తప్పలేదు.

సుబేదారు : తప్పితే ఏమయ్యేది?

హవల్దారు : ఏముంది, రగ్డా! రైఫిల్ రెండు చేతులతో తలమీదికి ఎత్తి మైదానం చుట్టూ పరుగు. నాలుగు కిలోల పైమాటే కదా. రెండో చుట్టుకే అది నలభై కిలోలైపోయేది.

(ముగ్గురూ నవ్వారు.)

సుబేదారు : నన్ను పరుగు ఏడిపించలేదయ్యా. ఉత్తరం ఏడిపించింది. నేను అయిదో తరగతితో బడి మానేశాను. తెలుగే కూడబలుక్కొని చదివేవాణ్ణి. ఇంటినుంచి ఉత్తరం వస్తే ఇంకొకడి చేత చదివించుకోవాలి. ఒకసారి వాడు బారక్‌లో అందరికీ వినపడేటట్టు చదివాడు. మా అమ్మ రాయించిన మాటలకు అందరూ నవ్వారు. ఆ రాత్రి అనుకొన్నాను, నా ఉత్తరం నేనే చదువుకోవాలని. సైన్యంలో చదువు చెప్పే విభాగం ఉంది. ఆ విభాగం మాస్టరుగారి దగ్గర కూర్చొని ఒక్కొక్క పరీక్షా ప్యాసయ్యాను. మ్యాపు చదవడం నేర్చాను. అవి రాకపోతే ఈ సుబేదారు పట్టీ నాకు వచ్చేదే కాదు.

హవల్దారు : అబ్బాయ్, నువ్వేం మాట్లాడవేం? 1988 బ్యాచీ కదా నీది.

నాయక్ : ఏముంది బాబాయ్, అందరిలాగే. తల గొరిగారు, నంబరు ఇచ్చారు. నల్లపెట్టె మీద తెల్లరంగుతో పేరు రాయించారు. పెళ్లిరోజు మరిచిపోయినా ఆ నంబరు మాత్రం మరిచిపోను.

హవల్దారు : గోడ దూకిన కుర్రాడి కథ చెప్పు. కిందటేడు నవ్వి నవ్వి చచ్చాం.

నాయక్ : (కొంచెం ఆగి) వాడిది నా పక్కమంచమే. పరుగులో ఎప్పుడూ వెనకపడేవాడు. ఒక రాత్రి పెట్టె వదిలేసి వెళ్లిపోయాడు. మర్నాడు లంగరు దగ్గర అందరం వాడిని వెక్కిరించాం. నేనూ నవ్వాను. ఆ ముందురోజు ఒక ఉస్తాద్ వాడిని అందరి ముందూ చెంపమీద కొట్టాడు. ఆ ముక్క నేను ఎప్పుడూ చెప్పలేదు.

(ఎవరూ మాట్లాడలేదు. నాయక్ కూతురు ఒక అడుగు ముందుకు వచ్చింది. ఆమె మిలిటరీ పోలీసు ఉద్యోగానికి 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేస్తోంది.)

అమ్మాయి : నన్నూ కొడతారా నాన్నా?

హవల్దారు : నీకేం భయం లేదమ్మా. అయినా కాస్త గట్టిగా లేకపోతే సైనికుడు ఎలా తయారవుతాడు? ఆ రగ్డా లేకపోతే మంచు కొండమీద రాత్రంతా కాపలా కాసేవాణ్ణా నేను?

నాయక్ : కాసేవాడివే బాబాయ్. పరుగు వల్ల, కసరత్తు వల్ల నీకు ఆ శక్తి వచ్చింది. చెంపదెబ్బ వల్ల ఎవరికేం వచ్చింది? పక్కమంచం వాడు పోయాడు. మేం నోరు మూసుకోవడం నేర్చుకొన్నాం. నేను డ్రిల్లు నేర్పే రోజుల్లో పరుగులు పెట్టించాను, మట్టిలో పాకించాను. చెయ్యి మాత్రం ఎత్తలేదు.

సుబేదారు : అమ్మా, నిన్ను తెల్లవారకముందే లేపుతారు. అలిసిపోయాక ఇంకొక చుట్టు పరుగెత్తమంటారు. ఇల్లు గుర్తుకువచ్చి ఏడుస్తావు. అది శిక్షణ, దాన్ని తట్టుకో. కొట్టడం శిక్షణ కాదు. సైనిక చట్టమే దాన్ని నేరం అంటుంది. ఎవరైనా చెయ్యి చేసుకొంటే పై అధికారికి చెప్పు.

అమ్మాయి : మరి అప్పుడు మీరెందుకు చెప్పలేదు తాతయ్యా?

(సుబేదారుగారు వెంటనే జవాబు చెప్పలేదు. పుల్లతో నిప్పులు కదిపారు.)

సుబేదారు : చెప్పవచ్చని మాకు ఎవరూ చెప్పలేదమ్మా.

కొత్త మాటలు

ఫాలిన్ = వరుసలో నిలబడడం
ఉస్తాద్ = శిక్షణ ఇచ్చే గురువు
దాహినే ముడ్ = కుడివైపు తిరుగు
రగ్డా = తప్పుచేసిన రిక్రూటు చేత చేయించే కష్టమైన కసరత్తు
లంగరు = సైనికుల వంటశాల
బారక్ = సైనికులు కలిసి నివసించే పొడవాటి శాల

పాఠగత ప్రశ్నలు 14.1
సరైన జవాబు ఎన్నుకోండి.
1. హవల్దారు శిక్షణ పొందిన చోటు : (అ) వెల్లింగ్టన్ (ఆ) గోల్కొండ (ఇ) మాధవరం
2. సుబేదారుగారు చదువు నేర్చుకోవాలని అనుకోవడానికి కారణం : (అ) జీతం (ఆ) ఉస్తాద్ తిట్టడం (ఇ) తన ఉత్తరం తానే చదువుకోవాలనే కోరిక
3. నాయక్ ఇంతకుముందు ఎవరికీ చెప్పని విషయం : (అ) తన నంబరు (ఆ) పక్కమంచం కుర్రాడు దెబ్బ తిన్నాడని (ఇ) ఆ కుర్రాడు వెళ్లిపోయాడని

14.2 అర్థం చేసుకుందాం

(క) శిక్షణ ఎందుకు అంతగా గుర్తుంటుంది?
పద్దెనిమిదేళ్ల పిల్లవాడు ఒక్కరోజులో ఇల్లు, భాష, తిండి, జుట్టు, నిద్రవేళ అన్నీ మార్చుకోవలసి వస్తుంది. పైగా ఆ కష్టం అందరికీ ఒక్కటే. కోటీశ్వరుడి కొడుకైనా, కూలివాడి కొడుకైనా అదే విజిల్‌కు లేవాలి. కలిసి పడిన కష్టం స్నేహాన్ని గట్టిచేస్తుంది. యుద్ధభూమికి అందరూ వెళ్లకపోవచ్చు. శిక్షణ లేకుండా మాత్రం ఎవరూ సైనికులు కారు. కాబట్టి ఏ దళంవారు కలిసినా పంచుకోదగిన మాట ఇదే.

(ఖ) నవ్వు వెనక ఏముంది?
ఒక కాలికే బూటు తొడుక్కొని పరుగెత్తడం, ఎడమవైపు తిరగడం – ఈ సంగతులకు మనమూ నవ్వుతాం. ఆరోజు మాత్రం అవి భయం కలిగించిన సంగతులే. కాలం గడిచాక భయం నవ్వుగా మారింది. ఇది మంచిదే. అయితే గోడ దూకిన కుర్రాడి కథ వేరు. అందులో నవ్వు ఒక తప్పును కప్పిపెట్టింది. కిందటేడు చెప్పిన కథలోనూ ఈ ఏడు చెప్పిన కథలోనూ సంఘటన ఒకటే. ఒక్క వాక్యం కలిసేసరికి కథ అర్థమే మారిపోయింది. జ్ఞాపకాలు వినేటప్పుడు “ఆ ముందు ఏం జరిగింది?” అని అడగడం ఎందుకు అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

(గ) కష్టపెట్టడం, అవమానించడం ఒకటేనా?
హవల్దారు మాటలో కొంత నిజం ఉంది. కఠినమైన శిక్షణ లేకుండా ఎవరూ మంచులో కాపలా కాయలేరు. అయితే ఆయన రెండు వేరువేరు విషయాలను ఒకటిగా కలిపేశారు. నాయక్ వాటిని విడదీశాడు. చట్టం కూడా విడదీస్తుంది. సైనిక చట్టం, 1950లోని 47వ సెక్షన్ ప్రకారం అధికారిగాని, హవల్దారు, నాయక్ వంటి చిన్న అధికారిగాని తన కింది సైనికుణ్ణి కొట్టడం, హింసించడం శిక్షించదగిన నేరం. చట్టం ఉన్నా, అది ఉందని తెలియనివారికి దానివల్ల ఉపయోగం లేదు. సుబేదారుగారి చివరి మాటకు అర్థం ఇదే. చదువు మనకు చేసే మేళ్లలో ఇది ఒకటి. కార్ఖానాలో, వసతి గృహంలో, పనిచేసే ఇంట్లో కూడా ఇలాంటి ప్రశ్న మీకు ఎదురుకావచ్చు.

(ఘ) అప్పటికీ ఇప్పటికీ తేడా
ఈ ముగ్గురూ చేరిన కాలంలో సిపాయిలుగా పురుషులనే తీసుకొనేవారు. 2021 మే నెలలో బెంగళూరులో 83 మంది మహిళలు శిక్షణ ముగించుకొని మిలిటరీ పోలీసు దళంలో చేరారు. ఆ దళంలో మహిళా సైనికుల మొదటి బ్యాచీ ఇదే. 2022 జూన్‌లో ప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. దాని ప్రకారం చేరినవారిని అగ్నివీర్‌లు అంటారు. వారి సేవాకాలం 4 సంవత్సరాలు. శిక్షణ కాలం కూడా అందులోనే కలిసి ఉంటుంది. పద్ధతులు మారినా తెల్లవారుజామున విజిల్ మాత్రం మారలేదు.

పాఠగత ప్రశ్నలు 14.2
ఖాళీలు పూరించండి.
1. కింది సైనికుణ్ణి హింసించడం నేరమని సైనిక చట్టం, 1950లోని ______వ సెక్షన్ చెబుతుంది.
2. అగ్నివీర్‌ల సేవాకాలం ______ సంవత్సరాలు.
3. కాలం గడిచాక భయం ______గా మారింది.

14.3 భాషా విశేషాలు

(1) సైన్యం నుంచి వచ్చిన మాటలు : జవాను, సిపాయి, హవల్దారు, కవాతు, హుకుం, సలాము – ఇవి అరబ్బీ, పారశీక భాషల నుంచి ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన మాటలు. ‘దారు’ అంటే కలిగి ఉన్నవాడు, వహించేవాడు అని అర్థం. సుబేదారు, జమీందారు, వాటాదారు, అర్జీదారు అనే మాటలలో ఇదే కనిపిస్తుంది. ఇలాంటివి మరో మూడు మీరు రాయండి.

(2) ప్రత్యక్ష, పరోక్ష కథనాలు : ఒకరు అన్న మాటను ఉన్నదున్నట్టు చెబితే ప్రత్యక్ష కథనం. మన మాటల్లో చెబితే పరోక్ష కథనం.
ప్రత్యక్షం : “కుడివైపు తిరుగు” అని ఉస్తాద్ అన్నాడు.
పరోక్షం : ఉస్తాద్ కుడివైపు తిరగమన్నాడు.
ప్రత్యక్షం : “నేను చెయ్యి ఎత్తలేదు” అని నాయక్ అన్నాడు.
పరోక్షం : తాను చెయ్యి ఎత్తలేదని నాయక్ అన్నాడు.
పరోక్ష కథనంలో ‘నేను’ అనేది ‘తాను’ కావడం గమనించండి.

ఈ పాఠంలో మీరు నేర్చుకొన్నవి

• కలిసి పడిన కష్టం వల్ల శిక్షణ రోజులు సైనికులకు బాగా గుర్తుంటాయి.
• చెప్పేవారు వదిలిపెట్టిన మాట వల్ల కథ అర్థం మారవచ్చు.
• కఠినమైన శిక్షణ వేరు, అవమానం వేరు. కొట్టడాన్ని చట్టం నేరంగా భావిస్తుంది.
• పెద్దవయసులో కూడా చదువు నేర్చుకోవచ్చు. అది బతుకును మార్చగలదు.

పాఠాంత ప్రశ్నలు

1. సుబేదారుగారి జీవితంలో చదువు తెచ్చిన మార్పును 5 వాక్యాలలో రాయండి.
2. హవల్దారు, నాయక్ – వీరిలో ఎవరి అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారు? కారణాలు రాయండి.
3. “చెప్పవచ్చని మాకు ఎవరూ చెప్పలేదమ్మా” – ఈ వాక్యాన్ని సందర్భంతో వివరించండి.
4. మీ ఊళ్లో సైన్యంలోనో, రైల్వేలోనో, మిల్లులోనో పనిచేసి వచ్చిన ఒకరిని కలవండి. పనిలో చేరిన మొదటి వారం గురించి అడగండి. ముందుగా వారి అనుమతి తీసుకోండి. వారు మౌనంగా ఉన్నచోట తొందరపెట్టకండి. విన్నదాన్ని ఒక పేజీలో రాసి, వారికి చదివి వినిపించండి. వద్దన్న మాటలు తీసివేయండి.

పాఠగత ప్రశ్నలకు జవాబులు

14.1 : 1. (ఆ)  2. (ఇ)  3. (ఆ)
14.2 : 1. 47  2. 4  3. నవ్వు