కడపటి జట్టునకు మొదటి వంతు

అమెరికాదేశమున ఫుట్‌బాలు అనగా బంతిని చేతబట్టి పరుగెత్తు ఆట. అందు ధనికజట్లే మేటి ఆటగాండ్రను చేర్చుకొని గెలుచుచుండెడివి. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బెర్ట్ బెల్ 1935లో ఒక ఉపాయము చెప్పెను: కళాశాలలనుండి వచ్చు యువకులను జట్లు వంతులవారిగా ఎన్నుకొనవలెను, అట్టడుగున నున్న జట్టునకే మొదటి వంతు. 1936లో ఆ మొదటి వంతు బెల్ జట్టునకే వచ్చుట విశేషము! వారు జే బెర్‌వాంగర్ అను యువకుని కోరిరి. అతడు ఆటను వృత్తిగా స్వీకరింపనే లేదు.

బలహీనులకు మేలైనను, ఆటగానికి తన జట్టును తాను కోరుకొను స్వేచ్ఛ పోయెను. ఆటగాండ్రు న్యాయస్థానముల కెక్కిరి. 1993 నుండి, కొన్నియేండ్లు ఆడి ఒడంబడిక తీరినవాడు ఇష్టమైన జట్టునకు పోవచ్చును. 1994లో జట్టు చెల్లించు మొత్తము వేతనములకు పరిమితి యేర్పడెను. నాటినుండి ధనికజట్టైనను, ఒకనికి మిక్కిలిగా ఇచ్చినచో మరియొకని వదలుకొనవలసి వచ్చుచున్నది.