మూడు తరాలు, ఒకే ప్రయాణం: అండమాన్‌లో మేము నేర్చుకున్న ఆరోగ్య పాఠం



సెలవులు దగ్గరపడుతున్నాయంటే మన ఆసుపత్రి ఓ.పీ.లో ఒక ప్రశ్న తరచుగా వినబడుతుంది: "అమ్మా నాన్నలను కూడా తీసుకొని వెళ్ళవచ్చా? వాళ్ళకు షుగర్ ఉంది, బీపీ ఉంది, ఏమైనా ప్రమాదమా?" మా జవాబు ఒక్కటే. తప్పక తీసుకొని వెళ్ళండి. కాని మీ గడియారం ప్రకారం కాదు, వారి గడియారం ప్రకారం వెళ్ళండి. ఈ జవాబు మేము పుస్తకం చదివి నేర్చుకోలేదు. మేమిద్దరం ఆసుపత్రిలోనే పనిచేస్తున్నప్పటికీ ఒక పొరపాటు చేసి నేర్చుకున్నాము. అదే ఈ నెల పాఠం.

మా ప్రయాణం

గత ఫిబ్రవరిలో మా కుటుంబమంతా కలిసి అండమాన్ వెళ్ళాము. మొత్తం తొమ్మిది మందిమి. పిల్లల తాతయ్యకు 76 ఏళ్ళు, గుండెకు బైపాస్ ఆపరేషన్ అయింది. నానమ్మకు 71 ఏళ్ళు, 18 ఏళ్ళుగా షుగర్, బీపీ ఉన్నాయి. మేమిద్దరం, మా తమ్ముడూ అతని భార్య, 13, 9, 4 ఏళ్ళ పిల్లలు ముగ్గురు. సెల్యులర్ జైలు చూడాలని తాతయ్యకు ఎప్పటినుంచో కోరిక. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన ఆ జైలును ఆయన మనవల చేయి పట్టుకొని చూశారు. కావలి గోపురం మెట్లు మాత్రం ఎక్కకుండా కింద బెంచీ మీద కూర్చున్నారు. ఆయన తన శక్తి ఎంతో తెలిసిన మనిషి.

పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి దీని పేరు శ్రీ విజయపురం) చేరినప్పుడు మాకు పరాయి ఊరు అనిపించలేదు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్ళి స్థిరపడిన తెలుగువారు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నారు. బజారులో మన భాష వినబడుతూనే ఉంటుంది.

ఒక తేడా మాత్రం అందరూ తెలుసుకోవాలి. అక్కడ కూడా మన టైమే గాని, ఆ దీవులు తూర్పున చాలా దూరంలో ఉన్నందువల్ల హైదరాబాద్ కంటే సుమారు గంట ముందే తెల్లవారుతుంది, గంట ముందే పొద్దు గుంకుతుంది. చలికాలంలో సాయంత్రం 5 గంటలకే చీకటి పడుతుంది. అందుచేత చూడవలసినవన్నీ పొద్దున్నే మొదలవుతాయి. మా పొరపాటు అక్కడే జరిగింది.

జెట్టీ దగ్గర ఏమి జరిగింది?

మూడవ రోజు తెల్లవారుజామున హావ్‌లాక్ (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) వెళ్ళే పడవ ఎక్కాలి. హోటల్‌లో టిఫిన్ ఇంకా తయారు కాలేదు. నానమ్మ అలవాటు ప్రకారం లేచిన వెంటనే గ్లిమెపిరైడ్ బిళ్ళ వేసుకున్నారు. "పడవలో తినవచ్చులే" అన్నాము. పడవ కదిలాక అలలు ఎక్కువయ్యాయి. ఆమెకు వికారం మొదలైంది. రెండు బిస్కెట్లు తిన్నారు, అవీ వాంతి అయిపోయాయి.

హావ్‌లాక్‌లో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. నానమ్మ ఏమీ మాట్లాడటం లేదు. అడిగితే విసుక్కున్నారు. చిన్నవాణ్ణి వేరే పేరుతో పిలిచారు. అలల వల్ల కలిగిన నీరసమని మేము అనుకున్నాము. మా 13 ఏళ్ళ అమ్మాయి మాత్రం, "నానమ్మ చేయి మంచులా ఉంది, జాకెట్ అంతా చెమటతో తడిసిపోయింది" అన్నది. అప్పుడు మాకు వెలిగింది. షుగర్ పడిపోతోంది! గ్లూకోమీటరేమో పెద్ద పెట్టెలో, ఆ పెట్టె ఇంకా పడవలోనే ఉంది. పక్కనే టీ అమ్ముతున్న ఒక తెలుగు ఆమె మా కంగారు చూసి, "ముందు పంచదార నీళ్ళు తాగించండమ్మా, మిగతావి తర్వాత" అంటూ గ్లాసు అందించింది.

15 నిమిషాల్లో నానమ్మ తేరుకున్నారు. పెట్టె రాగానే చూస్తే అప్పటికి కూడా షుగర్ 64 మాత్రమే ఉంది. మళ్ళీ పంచదార నీళ్ళు ఇచ్చి, ఇడ్లీ తినిపించి, అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకొని వెళ్ళాము. ఈ రకం బిళ్ళలతో పడిపోయిన షుగర్ కొన్ని గంటల తరువాత మళ్ళీ పడిపోయే అవకాశం ఉంది. అందువల్ల ఆ రోజంతా గమనిస్తూ ఉన్నాము.

ఆ సాయంత్రం నానమ్మ అన్న మాట మమ్మల్ని ఎక్కువగా బాధించింది. "పడవలోనే కళ్ళు తిరిగాయి. చెబితే మీ సరదా పాడవుతుందని ఊరుకున్నాను. నన్ను ఇంట్లో వదిలేసి రావలసింది" అన్నారు. తప్పు ఆమెది కాదు. తినే సమయానికి ప్రయాణం పెట్టి, చెప్పుకునే వీలు ఇవ్వకుండా తొందరపెట్టినది మేము. మరునాడు పిల్లలు సముద్రంలోకి వెళ్ళే ఏనుగు బీచి కార్యక్రమం మానుకొని, అందరం కూర్చొని కొత్త పద్ధతి పెట్టుకున్నాము. ఆ పద్ధతినే ఇక్కడ మీకు వివరిస్తున్నాము.

మొదటి సంగతి: తిండి ముందు, బిళ్ళ వెనుక

గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్ళలు, ఇన్సులిన్ వాడేవారిలో భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. తినవలసినది చేతికి అందేవరకు ఈ మందులు వేసుకోకూడదు. వాంతులు అవుతూ తిండి నిలవకపోతే ఏమి చేయాలో ప్రయాణానికి ముందే మీ డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్‌ను సొంత నిర్ణయంతో పూర్తిగా ఆపవద్దు.

షుగర్ పడిపోతే కనిపించే గుర్తులు: చల్లటి చెమట, వణుకు, గుండెదడ, ఆకలి, విసుగు, తడబాటు మాటలు, మగత. అటెనొలాల్, మెటోప్రోలాల్ వంటి బీపీ, గుండె మందులు వాడేవారికి వణుకు, గుండెదడ తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది. దాన్ని చూసి గుర్తుపట్టండి.

షుగర్ 70 కంటే తక్కువ ఉన్నా, మీటరు లేక అనుమానం మాత్రమే ఉన్నా, 3 లేక 4 చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాల తరువాత మళ్ళీ చూడండి. తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్న తరువాత తప్పనిసరిగా భోజనం పెట్టండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

రెండవ సంగతి: మందుల సంచి చేతిలో ఉండాలి

మందులు, గ్లూకోమీటర్, పంచదార పొట్లం, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు, డాక్టరు చీటీ నకలు ఒక చిన్న సంచిలో పెట్టి ఎప్పుడూ దగ్గరే ఉంచుకోండి. విమానంలో కూడా ఇన్సులిన్‌ను లగేజీలో వేయవద్దు, వెంట ఉంచుకోండి. ఎండలో నిలిపిన కారులో వదిలివేయవద్దు.

ప్రయాణం 6 రోజులైతే 10 రోజుల మందులు తీసుకొని వెళ్ళండి. వాతావరణం బాగోకపోతే దీవుల మధ్య పడవలు నిలిచిపోతాయి. మే నుంచి నైరుతి ఋతుపవనాల వల్ల సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. పెద్దవారితో వెళ్ళేవారికి డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు అనుకూలమైన కాలం. ఇంకొక మాట. పెద్ద వైద్య సౌకర్యాలు పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆసుపత్రి వంటి చోట్లనే ఉన్నాయి. చీకటి పడ్డాక చిన్న దీవుల నుంచి మామూలు పడవలు నడవవు. గుండె జబ్బు ఉన్నవారు ఈ సంగతి ఆలోచించుకొని, డాక్టరు సలహా తీసుకొనే బయలుదేరాలి.

మూడవ సంగతి: పడవ, ఎండ, కాళ్ళు

పడవలో వికారం రాకుండా ఉండాలంటే మధ్య భాగంలో, కింది అంతస్తులో కూర్చోండి. ఫోను, పుస్తకం చూడకుండా దూరంగా సముద్రం ఆకాశం కలిసే చోట చూడండి. ఖాళీ కడుపుతో ఉండవద్దు, కడుపు నిండా తినవద్దు. వికారం బిళ్ళలు కొందరు పెద్దవారికి మత్తు కలిగిస్తాయి. ప్రొస్టేటు ఇబ్బంది, కంటిలో నీటి కాసులు (గ్లకోమా) ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

అక్కడ ఉదయం 8 గంటలకే ఎండ మనకు 9 గంటల ఎండలా ఉంటుంది. బీచికి తెల్లవారగానే ఒకసారి, మధ్యాహ్నం మూడున్నర తరువాత ఒకసారి వెళ్ళండి. మధ్యలో భోజనం, నిద్ర. పెద్దవారికి దాహం తొందరగా తెలియదు, అందుచేత అడిగి మరీ నీళ్ళు ఇవ్వండి. మూత్రం ఎక్కువగా పోయే బిళ్ళలు వాడే గుండె రోగులు ఎంత నీరు తాగాలో డాక్టరు చేత చెప్పించుకోండి. విరేచనాలు పట్టుకుంటే ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఒక పెద్ద ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి.

షుగర్ ఉన్నవారు ఇసుకలో చెప్పులు లేకుండా నడవకూడదు. పాదాలకు స్పర్శ తగ్గినవారికి మధ్యాహ్నపు ఇసుక కాల్చినా తెలియదు, పగడపు రాయి కోసినా తెలియదు. రోజూ రాత్రి పాదాలు కడిగి, వేళ్ళ సందులు తుడిచి, వెలుతురులో చూడండి. ఈ పని మా ఇంట్లో 9 ఏళ్ళ మనవడికి అప్పగించాము. చాలా శ్రద్ధగా చేశాడు.

నాలుగవ సంగతి: నీళ్ళలో పిల్లలు

"అందరం చూస్తున్నాము కదా" అంటే ఎవరూ చూడటం లేదని అర్థం. ఒక్కొక్క అరగంటకు ఒక్కరే కాపలా. ఆ అరగంట వారి చేతిలో ఫోను ఉండకూడదు. చిన్నపిల్లలు చేయి చాపితే అందేంత దూరంలోనే ఉండాలి. మునిగిపోయే పిల్లవాడు సినిమాలో లాగా కేకలు వేయడు, చప్పుడు లేకుండా మునిగిపోతాడు. గాలి ట్యూబులు ఆటవస్తువులే, లైఫ్ జాకెట్‌కు బదులు కావు. కెరటం లోపలికి లాగితే దానికి ఎదురు ఈదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి.

అండమాన్ వాగులలో, మడ అడవుల దగ్గర ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. హెచ్చరిక బోర్డు ఉన్న చోట నీళ్ళలో దిగవద్దు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీలో ఈ దీవులు ఎంతో నష్టపోయాయి. భూమి గట్టిగా కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కు పోయినా చూస్తూ నిలబడకుండా ఎత్తైన చోటికి వెళ్ళాలని పిల్లలకు ముందే చెప్పండి.

నీట మునిగినవారిని బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం, పొట్ట నొక్కడం చేయవద్దు. వాటితో విలువైన నిమిషాలు వృథా అవుతాయి. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి ఇస్తూ, ఛాతీ నొక్కుతూ, 112కు ఫోన్ చేయించండి. 30 సార్లు నొక్కడం, 2 సార్లు ఊపిరి. ఈ పద్ధతిని శిక్షణ పొందిన నర్సు దగ్గర చేసి చూపించమని అడిగి నేర్చుకోండి.

ఇంటికి వచ్చాక కొన్ని వారాల లోపల జ్వరం వస్తే, "మేము అండమాన్ వెళ్ళి వచ్చాము" అని డాక్టరుకు చెప్పండి. మలేరియా, ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ వంటివి ఆలోచించడానికి ఆ ఒక్క మాట సహాయపడుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది

ఆ రోజు నుంచి మేము ఒక చిన్న అలవాటు చేసుకున్నాము. రోజుకు రెండుసార్లు, ఉదయం టిఫిన్ దగ్గర, మధ్యాహ్నం నిద్ర లేచాక, నానమ్మను, తాతయ్యను విడివిడిగా అడిగేవాళ్ళము. "బాగున్నారా?" అని కాదు. అలా అడిగితే పెద్దలు "బాగున్నాము" అనే అంటారు. "కాళ్ళు లాగుతున్నాయా? కళ్ళు తిరిగాయా? ఏమి తిన్నారు? ఈ పూట గదిలో ఉంటారా?" అని అడిగేవాళ్ళము. వారు ఉంటామంటే మాలో ఒకరు వారితో ఉండేవారు. దాన్ని త్యాగంలాగా ఎవరూ మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నాము.

చూడాలనుకున్న తొమ్మిది చోట్లలో అయిదే చూశాము. చివరి సాయంత్రం రాధానగర్ బీచిలో నానమ్మ చెప్పులు వేసుకొనే తడి ఇసుకలో కుర్చీ మీద కూర్చున్నారు. చిన్నవాడు ఆమె చుట్టూ గవ్వలు పేర్చాడు, వెళ్ళేటప్పుడు అక్కడే వదిలేశాడు. "వచ్చే ఏడు ఎక్కడికి?" అని మొదట అడిగినది ఆమే.

అండమాన్ వెళ్ళే స్తోమత అందరికీ ఉండకపోవచ్చు. సూర్యలంకకు గాని, మైపాడుకు గాని, భీమిలికి గాని ఒక్క రోజు వెళ్ళినా ఈ పాఠం ఇదే.

కుటుంబమంతా కూర్చొని మాట్లాడుకోండి

1. మన ఇంట్లో పెద్దవారు వాడే మందుల పేర్లు, వేళలు ఇంకెవరికైనా తెలుసా?
2. షుగర్ పడిపోతే ఏమి చేయాలో పిల్లలు చెప్పగలరా?
3. "నాకు ఓపిక లేదు" అని పెద్దవారు మొహమాటం లేకుండా చెప్పే వీలు మనం ఇస్తున్నామా?
4. ఈసారి ప్రయాణంలో నీళ్ళ దగ్గర మొదటి అరగంట కాపలా ఎవరిది?